ఐదేళ్ళు దాటిన కంప్యూటర్ చెత్త కాదు: ఒక వాట్సాప్ ఫార్వర్డ్‌కు జవాబు

పోయిన దీపావళి ముందు నుంచి ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. మా కాలనీ గ్రూపులో వచ్చింది, స్కూలు తల్లిదండ్రుల గ్రూపులో వచ్చింది, చివరికి మా పిన్ని కూడా పంపింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: విండోస్ 10 అయిపోయింది కాబట్టి ఐదేళ్ళు దాటిన కంప్యూటర్లన్నీ చెత్తతో సమానం. నెమ్మదించిందంటే ప్రాసెసర్ అరిగిపోయినట్టే, దాని మీద పెట్టే ప్రతి రూపాయీ దండగ. పాత కంప్యూటర్లో బ్యాంకు పని చేస్తే ఖాతా ఖాళీ. లినక్స్ ఇంజనీర్లకే. పాతవి కరెంటు తాగేస్తాయి. ఎంత చవకదైనా కొత్తదే మేలు, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి వెంటనే కొనండి.

ఇది చదివి మా వీధిలో టైలరింగ్ షాపు నడిపే ఒకాయన వాయిదాల మీద 45,000 రూపాయల ల్యాప్‌టాప్ కొనడానికి సిద్ధపడ్డాడు. వాళ్ళమ్మాయి ఇంటర్ సెకండియర్. ఈఏపీసెట్ మాక్ టెస్టులు ఆన్‌లైన్లో రాయాలి. షాపు వెనక గదిలో 2014లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. "అన్నా, ఒక్కసారి వచ్చి చూడు, అమ్మితే ఎంతొస్తుందో చెప్పు" అని పిలిచాడు. నేను వెళ్ళి చూశాను. ఆ కంప్యూటర్ మీదే ఆ పిల్ల ఇప్పుడు టెస్టులు రాస్తోంది. అందుకే ఈ మెసేజ్‌లోని ఒక్కో మాటకూ జవాబు రాయాలనిపించింది.

"ఐదేళ్ళు దాటితే పనికిరాదు."

ఈ ఐదేళ్ళ లెక్క ఎక్కడిదో తెలియదు గానీ మైక్రోసాఫ్ట్‌ది మాత్రం కాదు. విండోస్ 11కి ఆ కంపెనీ పెట్టిన షరతుల్లో ముఖ్యమైనవి రెండు: ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఎనిమిదో తరం మార్కెట్లోకి వచ్చింది 2017లో. అంటే 2018లో కొన్న చాలా ల్యాప్‌టాప్‌లకు విండోస్ 11 ఎక్కుతుంది.

మీది ఏ తరమో తెలుసుకోవడం తేలిక. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. ఐ5-8250యు అని ఉంటే గీత తర్వాతి అంకె 8, కాబట్టి ఎనిమిదో తరం. ఐ5-10210యు అయితే పదో తరం. ఐ3-4130 అయితే నాలుగో తరం, మా టైలర్ గారిది అదే. ఇంకో సంగతి: ఎనిమిదో తరం ఉండి కూడా "మీ కంప్యూటర్ సరిపోదు" అని వస్తోందంటే, చాలాసార్లు టీపీఎం బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు తెరవగల సెట్టింగ్స్‌లో) ఆఫ్ అయి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే చాలు. ఈ ఒక్క స్విచ్ తెలియక మంచి ల్యాప్‌టాప్‌లు సెకండ్ హ్యాండ్ షాపులకు పోతున్నాయంటే బాధగా ఉంటుంది.

"నెమ్మదించిందంటే ప్రాసెసర్ అరిగిపోయినట్టే."

మొత్తం మెసేజ్‌లో ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. ప్రాసెసర్ టైరులాంటిది కాదు, తిరిగి తిరిగి అరగడానికి. పదేళ్ళ కిందట ఎంత వేగంగా లెక్కలు చేసిందో ఇప్పుడూ అంతే వేగంగా చేస్తుంది. మారింది దానికి మనం అప్పజెప్పే పని. విండోస్ బరువెక్కింది, ఒక్కో వెబ్‌సైటూ బరువెక్కింది, ఆ బరువంతా పాత హార్డ్ డిస్క్ మీద పడుతోంది.

టైలర్ గారి కంప్యూటర్ ఆన్ చేసి బ్రౌజర్ తెరుచుకునేదాకా ఫోన్లో టైం చూశాను, దాదాపు నాలుగు నిమిషాలు. "స్విచ్ వేసి టీ పెట్టుకొస్తామండీ" అంది ఆయన భార్య. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ వాడకం పదిహేను శాతం, డిస్క్ వాడకం మాత్రం నూరు శాతం. రోగం ఎక్కడుందో అక్కడే తేలిపోయింది. హార్డ్ డిస్క్‌లో గుండ్రటి పళ్ళెం తిరుగుతుంటే ఒక చిన్న చేయి అటూ ఇటూ కదిలి డేటా వెతుకుతుంది. చిన్న చిన్న ఫైళ్ళు చెదిరి ఉంటే సెకనుకు వంద చోట్ల వెతకడం కూడా కష్టమే. హార్డ్ డిస్క్ స్థానంలో వేసుకునే ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు, సెకనుకు వేల చోట్ల నుంచి తెచ్చిస్తుంది. పాత కంప్యూటర్‌కు ఎస్ఎస్‌డీ వేస్తే వచ్చే తేడా అందుకే అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పక్క మూత విప్పాను. టైలరింగ్ షాపు కదా, గుడ్డల నూగు ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద దుప్పటిలా పేరుకుని ఉంది. వేలితో లాగితే ఒకే ముక్కగా ఊడి వచ్చింది. గాలి ఆడకపోతే ప్రాసెసర్ వేడెక్కి, కాలిపోకుండా తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. అదీ అరుగుదల కాదు. నూగు తీసి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి పంపే పూత) తుడిచి కొత్తది రాస్తే మళ్ళీ మామూలే.

240 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి, వాడిన 4 జీబీ ర్యామ్ ఒకటి వేశాం. ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగా ఉండి పొడుగు బీప్‌లు. ఇక్కడే చాలామంది మదర్‌బోర్డు పోయిందని దిగులు పడతారు. ర్యామ్ తీసి, దాని అంచున ఉండే బంగారు రంగు గీతల్ని స్కూలు పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కి పెట్టాను. స్క్రీన్ వచ్చింది. తర్వాత ఏ వెబ్‌సైటూ తెరుచుకోలేదు, అన్నిటికీ భద్రత లేదని ఎర్ర హెచ్చరికే. తేదీ చూస్తే 2013 జనవరి 1. తేదీ తప్పితే బ్రౌజర్ ఏ సైటునూ నమ్మదు. లోపలి గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని అడిగితే వాచీలు రిపేరు చేసేవాళ్ళ దగ్గర కూడా దొరుకుతుంది. అదే కంప్యూటర్‌ను చూసిన ఒక రిపేరు షాపాయన "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అని చెప్పి పంపాడట. అన్నీ కలిపి మూడు వేల లోపే అయింది. ఇప్పుడు అరనిమిషంలో బ్రౌజర్ తెరుచుకుంటుంది.

2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు పెరిగాయి కాబట్టి మీకు ఇంకాస్త ఎక్కువ కావచ్చు. కొత్త కంప్యూటర్లలోనూ ఉండేది ఆ ర్యామే, ఆ ఎస్ఎస్‌డీయే కాబట్టి వాటి ధరా పెరుగుతుంది. ఒక జాగ్రత్త: హార్డ్ డిస్క్ నుంచి టిక్ టిక్ శబ్దం వస్తుంటే మిగతా పనులన్నీ ఆపి ముందు ఫొటోలు కాపీ చేసుకోండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి ఉంటే అసలు ఆన్ చేయొద్దు.

"విండోస్ 10 ఆగింది, బ్యాంకు ఖాతా ఖాళీ."

ఇందులో సగం నిజముంది, ఆ సగాన్ని కాదనను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్తగా బయటపడే లొసుగులు పూడ్చేవాళ్ళు లేని విండోస్ మీద బ్యాంకు పని చేయడం మంచిది కాదు. కానీ మెసేజ్ రాసినాయన రెండు సంగతులు వదిలేశాడు. ఇళ్ళలో వాడే విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు పొడిగించుకునే వీలు మైక్రోసాఫ్టే ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే రూపాయి కట్టక్కర్లేదు. ఇక రెండోది, పాతబడింది విండోస్, కంప్యూటర్ కాదు. అదే కంప్యూటర్లో విండోస్ బదులు లినక్స్ మింట్ 22 (లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) వేస్తే 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు ఉచితంగా వస్తాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఓటీపీ అడిగి, ఫోన్లో ఏపీకే ఫైలు వేయించి, స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టించి డబ్బు లాగేవాళ్ళకు మీ కంప్యూటర్ వయసుతో పని లేదు. నిన్న కొన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఓటీపీ చెప్పినా డబ్బు పోతుంది. అలా పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

"లినక్స్ ఇంజనీర్లకే."

కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఎన్నో ఏళ్ళుగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. వాళ్ళేం ఇంజనీర్లు కాదు. మన దగ్గర కూడా లినక్స్‌ను తెలుగులో తేవడానికి హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ చాలాకాలంగా పని చేస్తోంది. లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, కంప్యూటర్లో ఏదీ చెరపకుండా నడిపి చూసుకోవచ్చు. వైఫై, సౌండ్, ప్రింటర్ పని చేస్తున్నాయో చూసుకుని, నచ్చితేనే ఇన్‌స్టాల్ చేయండి. అందులో ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలిక రకం 4 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తుంది. కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు పద్ధతిలో) టైప్ చేసుకోవచ్చు, ఒత్తులు, గుణింతాలు సరిగ్గానే పడతాయి. టైలర్ గారి కంప్యూటర్లోనూ మింటే వేశాను. వాళ్ళమ్మాయి మొదటి రోజు అడిగింది ఒక్కటే, "అంకుల్, డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్ ఎక్కడికి పోతుంది?" రెండో రోజు నుంచి ఏమీ అడగలేదు.

పాత కంప్యూటర్లో యూట్యూబ్ ఆగి ఆగి వస్తోందంటే కారణం నెట్ కాకపోవచ్చు. యూట్యూబ్ ఎక్కువగా వీపీ9 రకం వీడియో పంపుతుంది. ఇంటెల్ ఏడో తరం కంటే ముందు చిప్‌లలో దాన్ని విప్పడానికి పూర్తి ఏర్పాటు లేదు కాబట్టి భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. హెచ్264ఐఫై అనే చిన్న ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్లో వేస్తే పాత చిప్‌కు తెలిసిన రకం వీడియోయే వస్తుంది.

లినక్స్ అందరికీ సరిపోతుందని మాత్రం నేను అనను. ట్యాలీ మీద లెక్కలు రాసేవాళ్ళు, వేలిముద్ర మిషన్‌తో పని చేసే సెంటర్లవాళ్ళు, ఆటోకాడ్ నేర్చుకునే పిల్లలు విండోస్‌లోనే ఉండాలి. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌తో పెళ్ళి శుభలేఖలు కొట్టేవాళ్ళూ అంతే. ఆ షాపుల్లో చూడండి, ఎక్స్‌పీ కాలం నాటి కంప్యూటర్లు నెట్ కనెక్షన్ లేకుండా ఇప్పటికీ రోజూ అన్నం పెడుతున్నాయి. వాటిని కూడా చెత్త అనేస్తే ఆ షాపులాయన ఏమనుకోవాలి?

"పాతవి కరెంటు తాగేస్తాయి."

ప్లగ్ మీటర్ పెట్టి చూశాను. టైలర్ గారి డెస్క్‌టాప్, ఎల్ఈడీ మానిటర్ కలిపి 60 వాట్లు. రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు 7 యూనిట్ల పైచిలుకు. కొత్త ల్యాప్‌టాప్ 20 వాట్లు అనుకుంటే రెండున్నర యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా నెలకు తేడా 35 రూపాయలు. 45,000 ఆదా కావాలంటే వందేళ్ళు దాటాలి. పాత డబ్బా మానిటర్ ఇంకా వాడుతుంటే మాత్రం అది మార్చేయండి, నిజంగా కరెంటు తినేది అదే.

"ఎంత చవకదైనా కొత్తదే మేలు."

20,000 లోపు దొరికే కొత్త ల్యాప్‌టాప్‌ల వివరాలు ఒకసారి చదవండి. వాటిలో చాలావాటికి సెలెరాన్ ఎన్4020 లాంటి రెండు కోర్ల ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (ఎస్ఎస్‌డీ కంటే నెమ్మదైన రకం) స్టోరేజీ. ఆ ర్యామ్, స్టోరేజీ ఎక్కువగా బోర్డుకే అతికించి ఉంటాయి, రేపు పెంచుకుందామన్నా కుదరదు. ఏడాది తిరిగేసరికి విండోస్ అప్‌డేట్‌కే చోటు చాలదంటుంది. ఇంచుమించు అదే డబ్బుకు కంపెనీలు వాడి తీసేసిన ఎనిమిదో తరం ఐ5 ల్యాప్‌టాప్ దొరుకుతుంది. ఐ5-8250యుకు నాలుగు కోర్లు, చాలా మోడళ్ళలో ర్యామ్ మార్చుకోవచ్చు, విండోస్ 11 ఎక్కుతుంది. ఏడెనిమిదేళ్ళ పాతదే, అయినా ఆ కొత్తదాని కంటే పనితనంలో గట్టిది. సికింద్రాబాద్ సీటీసీ, బెంగళూరు ఎస్పీ రోడ్ లాంటి కంప్యూటర్ బజార్లలో ఇలాంటివి వరసగా పేర్చి ఉంటాయి.

అక్కడ తొందరపడకండి. షాపులోనే బయోస్ తెరిచి పాస్‌వర్డ్ అడగడం లేదని చూసుకోండి. పాత కంపెనీ లాక్ ఉంటే తర్వాత తలనొప్పి. మూత నాలుగుసార్లు తెరిచి మూసి హింజ్ వదులుగా ఉందేమో చూడండి. నోట్‌ప్యాడ్‌లో ప్రతి అక్షరమూ కొట్టండి. చార్జర్ తీసేసి పావుగంట నడపండి. బిల్లు, వారంటీ కాగితం మీద రాయించుకోండి.

కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్ కంప్యూటర్‌కు మాత్రం కొత్తగా డబ్బు పెట్టమని ఎవరికీ చెప్పను. ఉన్నది ఉన్నట్టు నడిస్తే వాడుకోండి.

"ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి."

ఆ టైలర్ గారికి ఎక్స్ఛేంజ్‌లో ఇస్తామన్నది 1,200. ఆ డబ్బాతోపాటు లోపలి హార్డ్ డిస్క్ కూడా పోయేది. దాన్ని తీసి యూఎస్‌బీ కేసులో పెట్టి తెరిస్తే అందరి ఆధార్ స్కాన్లు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, అమ్మాయి మొదటి పుట్టినరోజు వీడియో ఉన్నాయి. వాళ్ళు ఆ వీడియో పోయిందనే అనుకుంటున్నారు. ఇప్పుడా డిస్క్ బీరువాలో ఉంది. ఇలాంటి డబ్బాలు చివరికి ఎక్కడ తేలతాయో కూడా చూడాలి. 2022లో ప్రపంచమంతా కలిపి 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైందని ఐక్యరాజ్యసమితి లెక్క. అందులో పద్ధతిగా రీసైకిల్ అయినట్టు రికార్డులున్నది పావు వంతు కూడా కాదు.

ఇవ్వక తప్పదనుకుంటే ముందు డిస్క్ తీసి దగ్గర పెట్టుకోండి. అది కూడా ఇవ్వాల్సి వస్తే మామూలు ఫార్మాట్ చాలదు, ఫైళ్ళు మళ్ళీ బయటికి తీయొచ్చు. లినక్స్ మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్క్స్ అనే ప్రోగ్రాంలో మొత్తం సున్నాలు రాసే పద్ధతిలో ఫార్మాట్ పెట్టండి. 500 జీబీ హార్డ్ డిస్క్‌కు గంటన్నర, రెండు గంటలు పడుతుంది. అది పూర్తయ్యాకే కంప్యూటర్‌ను ఇల్లు దాటనివ్వండి.