నక్షత్రం గుర్తున్న గడులన్నీ నింపవలెను

విశ్వవిద్యాలయమన్నాక విద్యలు సవాలక్ష. ఒకడు ఈగలకు పెళ్ళి సంబంధాలు చూస్తుంటాడు. ఒకామె కాంక్రీటు దిమ్మల్ని నీళ్ళలో నానబెట్టి రోజులు లెక్కపెడుతుంటుంది. ఇంకొకడు పాత రాతప్రతి ముందు భూతద్దం పట్టుకుని, ఆ అక్షరం ‘ప’నా ‘వ’నా అని ఆర్నెల్లుగా తేల్చుకోలేక కూర్చుంటాడు. మరొకామె కాగితం, పెన్సిలు, ఎదురుగా ఒక గోడ తప్ప ఏమీ అక్కర్లేకుండా గణితం చేస్తుంటుంది. ఆ గోడ కూడా ఊరికే చూడ్డానికే.

ఇంత గందరగోళాన్ని భరించడం పరిపాలనకు ఎంత కష్టమో మనం అర్థం చేసుకోవాలి. అందుకే విద్యార్థుల పరిశోధనా దినోత్సవం జరిపే పెద్దలు బాగా ఆలోచించి మహత్తరమైన ఉపాయం కనిపెట్టారు. అందరికీ ఒకే ఫారం. ఆన్‌లైన్‌లో. పరికల్పన (పరీక్షించబోయే ఊహ), నక్షత్రం. శాంపుల్ సంఖ్య, నక్షత్రం. కంట్రోల్ గ్రూపు (పోల్చి చూడ్డానికి పక్కన పెట్టే గుంపు), నక్షత్రం. మెరుగుదల ఎంత శాతం, నక్షత్రం. సమాజానికి ఉపయోగం ఒక్క వాక్యంలో, దానికీ నక్షత్రమే. నక్షత్రం ఉన్న గడి ఖాళీగా వదిలితే ఫారం కదలదు. గైడు సంతకం దగ్గర మాత్రం నక్షత్రం లేదు. ఆయన సంగతి వారికి తెలుసు.

వంశం చూస్తే ఈ ఫారం మంచి ఇంటిదే. పీఠిక, పద్ధతి, ఫలితం, చర్చ అనే నాలుగు గదుల ఇల్లు 20వ శతాబ్దం రెండో సగంలో వైద్య పత్రికల్లో స్థిరపడింది. ఒక మందు ఇచ్చారు, ఎంతమందికి ఇచ్చారు, ఇవ్వనివాళ్ళెంతమంది, ఎవరికి నయమైంది? ఈ ప్రశ్నలకు ఆ ఇల్లు చక్కగా సరిపోతుంది. తత్వశాస్త్రానికీ, చరిత్రకీ, సంగీతానికీ కూడా అదే ఇంటి తాళాలు చేతిలో పెట్టి ‘గృహప్రవేశం చేయండి’ అనడమే తర్వాతి కథ. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుంటే సామెత అయింది. ఇక్కడ నక్కను పట్టుకొచ్చి ఇనుము కాల్చి మరీ పెడుతున్నారు.

ఆవు వ్యాసం అందరికీ తెలిసిందే. ఏ అంశం ఇచ్చినా తిప్పి తిప్పి ఆవును తెచ్చి కట్టేస్తాడు కుర్రాడు. ఇప్పుడు ఆ పని కుర్రాడికి లేదు. గుంజా, పలుపూ ఫారంలోనే ఉన్నాయి. అతను చేయవలసిందల్లా తన పరిశోధన మెడ వంచడమే.

ఆ వంచడం ఎలా ఉంటుందో కాస్త తీరిగ్గా చూద్దాం.

పాఠపరిష్కరణ చేసే విద్యార్థి ఉన్నాడు. ఒకే కావ్యానికి ఏడు రాతప్రతులు దొరికాయి, కవి రాసిన మూలం పోయింది. ఏడింటిలోని తప్పుల్నీ పక్కపక్కన పేర్చాలి. ఒకే వింత తప్పు రెండు ప్రతుల్లో ఉంటే అవి ఒక తల్లి బిడ్డలని అనుమానించాలి. అలా వంశవృక్షం గీసి మూలానికి దగ్గరగా పాకాలి. రెండు పాదాలు ఒకే మాటతో ముగిసినచోట లేఖకుడి కన్ను మొదటిదాని నుంచి రెండోదానికి జారిపోతుంది, మధ్యలోది మాయం. ఆ మాయమైన చోటే ఇతనికి లంకెబిందె. ఇంత నేర్చిన మనిషి ఫారం తెరిచాడు.

పరికల్పన: ‘లేఖకుడికి నిద్ర వచ్చింది’ అని రాశాడు. ఫారం ఒప్పుకుంది. దానికి చదవడం రాదు, అక్షరాలు లెక్కపెట్టడమే వచ్చు. శాంపుల్ సంఖ్య: 7. ఎర్రగీత. 30కి తగ్గరాదట. మిగతా 23 ప్రతుల కోసం చెదపురుగులను సంప్రదించాలి, తిన్నది అవే. కంట్రోల్ గ్రూపు: ‘ఎవరూ నకలు చేయని నకళ్ళు’ అని రాసి, అలాంటివి లోకంలో లేవు కాబట్టి సంఖ్య దగ్గర సున్నా వేశాడు. మళ్ళీ ఎర్రగీత. మెరుగుదల శాతం దగ్గర అతను నిజంగానే ఆగిపోయాడు. కావ్యం ఎంత శాతం బాగుపడింది? కవి బతికి ఉంటే ఎంత శాతం సంతోషించేవాడు? చివరికి ఒక సీనియర్ దయతలిచి, ‘ప్రతుల్ని కాదురా, ఆకుల్ని లెక్కపెట్టు’ అని గురుమంత్రం చెప్పాడు. ఏడు ప్రతుల్లో కలిపి 1,412 ఆకులు. ఫారం పచ్చగా వెలిగింది.

పక్క కుర్చీలో గణితం అమ్మాయి. ఒక లక్షణం ప్రధాన సంఖ్యలన్నిటికీ వర్తిస్తుందని నిరూపించింది. శాంపుల్ అనంతం. గడి అంకెలు తప్ప మరొకటి ముట్టుకోదు. గడిలో పట్టినన్ని తొమ్మిదులు కొట్టింది, ఆరు పట్టాయి. ప్రదర్శన రోజున జడ్జిగారు పోస్టరు ముందు ఆగారు.

‘9,99,999 శాంపుళ్ళా! ఎలా సేకరించావమ్మా?’

‘సేకరించలేదండీ. నిరూపించాను.’

‘ఎన్నిసార్లు రిపీట్ చేశావు?’

‘ఒకసారి నిరూపిస్తే అయిపోతుందండీ.’

‘మూడుసార్లన్నా చేయాల్సింది. సరే, ఎర్రర్ ఎంత వచ్చింది?’

‘సున్నా అండీ.’

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పది లక్షలకు ఒకటి తక్కువ శాంపుళ్ళు, సున్నా ఎర్రర్! సాయంత్రం ‘భారీ డేటా’ విభాగంలో మొదటి బహుమతి ఆమెకే. రెండోది 1,412 శాంపుళ్ళ రాతప్రతుల వాడికి. ఇద్దరూ కలిసి ఫొటో దిగారు. ఇద్దరి ముఖాల్లోనూ ఏదో నేరంలో దొరక్కుండా తప్పించుకున్న కళ ఉంది.

అన్నట్టు, ఇలాంటి ఫారాల్లో ‘కనీసం 40 రెఫరెన్సులు’ అనే షరతు కూడా ఉంటుంది. 1950లో ప్రిన్స్‌టన్‌లో గణితవేత్త జాన్ నాష్ సమర్పించిన థీసిస్ 28 పేజీలు, రెఫరెన్సులు 2. అందులో ఒకటి ఆయన సొంత వ్యాసమే. 1994లో ఆ పనికి ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చినవాళ్ళు పాపం ఈ నిబంధన చూసుకున్నట్టు లేదు.

సరే, కళలవాళ్ళకు ఎలాగూ కష్టమే, లేబులో ఉన్నవాళ్ళకు ఈ ఫారం పుట్టిల్లు కదా అనుకుంటే పొరపాటు. సివిల్ ఇంజనీరింగ్ అమ్మాయిని చూడండి. సిమెంటులో కొంత భాగం తీసేసి ఫ్లైయాష్, అంటే బొగ్గు కాల్చగా వచ్చే సన్నటి బూడిద, వేస్తే కాంక్రీటు బలం ఏమవుతుందో చూస్తోంది. 150 మిల్లీమీటర్ల దిమ్మలు పోసి, మర్నాడు అచ్చులోంచి తీసి, నీళ్ళలో వేసి, 7వ రోజు మూడు, 28వ రోజు మూడు యంత్రంలో పెట్టి నలిపి చూడాలి. ఫారం గడువు 21 రోజులు. సిమెంటుకు సర్క్యులర్ పంపే ఏర్పాటు ఇంకా లేదు. ‘తుది ఫలితం’ గడికి నక్షత్రం ఉంది కాబట్టి, ఎవరో చెప్పారని 7వ రోజు బలాన్ని ఒకటిన్నరతో గుణించి వేసేసింది. మామూలు సిమెంటుకైతే అది మొరటు అంచనాగా నడుస్తుంది. కానీ ఫ్లైయాష్ కాంక్రీటు బలం నెమ్మదిగా, ఆలస్యంగా పుంజుకుంటుంది. ఎంత ఆలస్యంగా అన్నదే ఆమె పరిశోధన! గడి నిండింది, పరిశోధన గుణకారంలో కొట్టుకుపోయింది.

ఈగలవాడి గోడు ఇంకోటి. 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పండ్ల ఈగ రావడానికి దాదాపు 10 రోజులు. సంకరం చేయాలంటే ఆడ ఈగ అంతకుముందు మగ ఈగతో కలిసి ఉండకూడదు. పైకి వచ్చిన 8 గంటల్లోపే ఏరి వేరుచేయాలి. రాత్రి సీసాలు ఖాళీ చేసి, తెల్లారకముందే రావాలి. ఒక్క ఈగ దగ్గర పొరబడితే ఆ సీసా వంశమంతా అనుమానాస్పదం. ఫారంలో ‘పనిగంటలు’ అనే గడి ఉదయం తొమ్మిదికి ముందు ఏ సమయాన్నీ ఒప్పుకోదు. ఈగలకు తెలియజేయాలి.

శాతాల గడి మాత్రం మహా ఉదారమైనది, ఏది వేసినా మింగుతుంది. రసాయనశాస్త్రం కుర్రాడు దిగుబడి 112 శాతం అని వేశాడు. పదార్థంలోంచి ఇథైల్ ఎసిటేట్ అనే ద్రావకం సరిగా ఆరక, దాని బరువూ కలిపి తూచాడు. వేసినదాన్నుంచి రాగలిగినదానికంటే వచ్చింది ఎక్కువైతే అది సృష్టి అవుతుంది గానీ రసాయనం కాదు. ఫారం అభినందించింది. కంప్యూటర్ సైన్సువాడు 95 శాతం కచ్చితత్వం అన్నాడు. వాడి డేటాలో నూటికి 95 మందికి జబ్బు లేదు. వాడి యంత్రం అందరికీ ‘లేదు’ అనే చెబుతుంది. నోరు లేని గోడ కూడా ఆ మాత్రం కచ్చితంగా చెప్పగలదు. ఫారం వాడినీ అభినందించింది.

తర్వాత పోస్టరు. 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1,189 ఎత్తు, ‘గ్రాఫు తప్పనిసరి’. మనిషికి సంకల్ప స్వేచ్ఛ ఉందా అన్న ప్రశ్న మీద రెండేళ్ళు కుస్తీ పట్టిన తత్వశాస్త్ర విద్యార్థిని గుండ్రటి బొమ్మ గీసి, ముక్కలు కోసి పెట్టింది: ఉంది 38 శాతం, లేదు 41, మిగతాది ‘గ్రాఫు తప్పనిసరి కాబట్టి’. ఆ చివరి ముక్కే ఆమె సిద్ధాంతానికి అసలైన ఉదాహరణ. జడ్జి రంగులు బావున్నాయన్నారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇక్కడ ఒక గడి ఉంది, దాని దగ్గర నవ్వు రాదు.

‘పరికల్పన రుజువైందా?’ కింద రెండే ఎంపికలు. ‘అవును’. ‘పాక్షికంగా’.

‘కాదు’ లేదు.

రెండేళ్ళు పనిచేసి, అన్ని జాగ్రత్తలూ తీసుకుని, చివరికి ‘ఈ దారి లేదు’ అని తేల్చిన విద్యార్థి ఏది నొక్కాలి? ఆ దారి లేదని తెలియడం జ్ఞానం కాదా? అది ఎక్కడా నమోదు కాకపోతే ఇంకో ఊళ్ళో ఇంకో పిల్ల ఇంకో రెండేళ్ళు అదే గోడకు తల కొట్టుకుంటుంది. ఆ తల ఎవరిది? ఫారం చేసినవాడిది కాదుగా!

ఇక్కడే ఆ అబ్బాయి మొదటి అబద్ధం నేర్చుకుంటాడు. తేడాగా వచ్చిన రెండు రీడింగుల్ని ‘అవుట్‌లయర్లు’ అని తీసేయమంటారు. అప్పటికీ p విలువ, అంటే అసలేమీ లేకున్నా ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశం, 0.05కి దిగకపోతే ఇంకో ఐదుగురిని చేర్చమంటారు, దిగేదాకా. అదీ కాకపోతే ఇరవై కోణాల్లో పరీక్షించి, పాసైన ఒక్కదాన్ని పట్టుకుని, ‘మొదటినుంచీ ఇదే మా పరికల్పన’ అని రాయమంటారు. అసలేమీ లేనిచోట కూడా ఇరవై వేర్వేరు పరీక్షలు చేస్తే కనీసం ఒకటి దానంతటదే 0.05 దాటి లోపలికి వచ్చే అవకాశం 64 శాతం. ఆ 0.05 కూడా వేదవాక్కు కాదు, 1925లో ఫిషర్ అనే గణాంకవేత్త అనువుగా ఉంటుందని ఎంచుకున్న గీత. అనువుకు పెట్టుకున్న గీత కోసం పిల్లల చేత దొంగ లెక్కలు రాయిస్తున్నారు. రాయించి, మరుసటి వారం అదే హాల్లో ‘పరిశోధనలో నైతికత’ మీద సెమినార్ పెట్టి హాజరు తీసుకుంటున్నారు. సిగ్గుండాలి. చెప్పకూడదు గానీ, లేదు.

2013లో బయటికొచ్చిన సంగతి ఇది. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్హెర్స్ట్‌లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థికి క్లాసులో ఒక పని ఇచ్చారు: అచ్చయిన ఒక పత్రాన్ని తీసుకుని ఆ లెక్క మళ్ళీ చేయి. అతను హార్వర్డ్ ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్‌ల 2010 నాటి పత్రాన్ని ఎంచుకున్నాడు. అప్పు దేశ ఆదాయంలో 90 శాతం దాటితే ఆర్థికవృద్ధి సగటున మైనస్ 0.1 శాతానికి పడిపోతుందని అందులో ఉంది. పొదుపు పేరుతో ఖర్చులు కోసే ప్రభుత్వాలకు అది అక్కరకొచ్చింది. హెర్న్‌డన్‌కు ఎన్నిసార్లు చేసినా లెక్క కలవలేదు. రచయితల ఎక్సెల్ ఫైలే తెప్పించుకుని చూస్తే, 30 నుంచి 49 వరుసల దాకా తీయాల్సిన సగటు 44 దగ్గర ఆగిపోయింది. ఐదు దేశాలు గల్లంతు. కొన్ని సంవత్సరాల అంకెలు వదిలేశారు, సగటులో ఒక్కో దేశానికి ప్రాధాన్యం ఇచ్చిన తీరూ వింతే. అన్నీ సరిచేస్తే మైనస్ 0.1 కాస్తా 2.2 శాతం అయింది. ఇది మన ఫారంలో ఎక్కడ పడుతుంది? కొత్త పరికల్పన: లేదు. శాంపుల్: ఇతరులది. మెరుగుదల: ఎవరిదో తప్పు పట్టాడు, అంతే. ‘నూతనత్వం’ గడిలో సున్నా వచ్చి, అబ్బాయి షార్ట్‌లిస్ట్ కూడా అయ్యేవాడు కాదు.

1967లో కేంబ్రిడ్జిలో జోస్లిన్ బెల్ అనే విద్యార్థిని రేడియో టెలిస్కోపుతో క్వేసార్ల కోసం, అంటే ఎంతో దూరాన మహా కాంతితో వెలిగే గెలాక్సీ కేంద్రాల కోసం, వెతుకుతోంది. యంత్రం రోజుకు దాదాపు 30 మీటర్ల చార్టు కాగితం ఉమ్మేది, ఆమె కంటితో చదివేది. ఒకచోట ఉండకూడని పిచ్చిగీత. యంత్రం లోపమనో, ఎక్కడిదో రేడియో గోల అనో వదిలేయలేదు. అది దాదాపు 1.34 సెకన్లకోసారి కొట్టుకుంటున్న పల్సార్, గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు విసిరే నక్షత్రం. 1974లో నోబెల్ ఆమె గైడుకు వచ్చింది, ఆమెకు రాలేదు. ఆ సంగతికి వేరే వ్యాసం కావాలి, ఇంతకంటే పెద్ద బూతులతో. ఫారం లెక్కన ఆమె క్వేసార్ల పరికల్పన ముందు ఈ గీత ఒక అవుట్‌లయర్. తీసేస్తే గడి పచ్చగా వెలిగేది. ఆమె కనిపెట్టింది నక్షత్రాన్ని, కానీ నక్షత్రం గుర్తున్న ఏ గడిలోనూ అది పట్టదు.

ఫిర్యాదులు వెల్లువెత్తాయని, పెద్దలు సహృదయంతో స్పందించి ఈసారి ఫారం సవరించారు. ‘పరికల్పన రుజువైందా?’ కింద మూడో ఎంపికగా ‘ఇతరములు’ చేర్చారు. అది నొక్కితే ‘వివరించండి’ అని ఇంకో గడి తెరుచుకుంటుంది. అందులో 30 అక్షరాలు పడతాయి, అంకెలు మాత్రమే. దానికీ నక్షత్రం ఉంది.