సవరణ: కొరియా మహిళా గేయనాటకం శతాబ్దాల నాటిది కాదు

1950ల నాటి కొరియాలో, మోక్‌పో నుంచి వచ్చి మహిళా నాటక బృందంలో తారగా ఎదగాలని తపించే యువ గాయని గురించి మొన్న రాశాను. 2024లో వచ్చిన టీవీ ధారావాహికలోని కథ అది. ఆ పోస్టులో ‘యోసోంగ్ గుక్‌గుక్’ అనే ఆ మహిళా గేయనాటక కళను శతాబ్దాల నాటి సంప్రదాయం అన్నాను. అది తప్పు.

కొరియా రంగస్థల చరిత్రపై వచ్చిన రచనల ప్రకారం దాని పుట్టుక 1948లో. పురుషుల పెత్తనం సాగిన సంగీత సంఘాలతో విసిగిన గాయనులు పాక్ నోక్‌జు, కిమ్ సోహీ వంటివారు వేరుపడి సొంత సంఘం పెట్టుకున్నారు. మగ పాత్రలూ స్త్రీలే వేశారు. రాజకుమారుల వేషాల్లో ఇమ్ చునేంగ్‌కు వచ్చిన పేరు అంతా ఇంతా కాదు. 1960లలో సినిమా, టీవీల ధాటికి ఈ కళ వెనకబడింది.

శతాబ్దాల వయసున్నది దీనికి మూలమైన పన్సోరి అనే కథాగానం. అందులో చాపమీద విసనకర్ర పట్టుకుని నిలబడే గాయని ఒక్కతే, పక్కన డోలు వాయించే మనిషి ఒక్కడే. కథానాయిక చున్‌హ్యాంగ్ ఏడుపూ, ఆమెను వేధించే అధికారి గర్జనా అదే గొంతులో పలకాలి. నాటకంలోనైతే పాత్రకొక నటి. పాటతోపాటు నడక, చూపు, నాట్యం కూడా సాధించాలి. ధారావాహికలోని ఆ అమ్మాయి పడే అవస్థంతా అక్కడే.

ఆమె నిజంగా జీవించిన గాయని అని కొందరు అనుకున్నారు. కాదు, వెబ్‌టూన్ (ఇంటర్నెట్‌లో వచ్చే బొమ్మల కథ) కోసం కల్పించిన పాత్ర. పాత పోస్టులో ‘శతాబ్దాల నాటి సంప్రదాయం’ అన్న వాక్యం సరిదిద్దాను.