వాక్యం చివర కాపురముండే ‘అబ్’ గారికి

జర్మన్ భాషలో క్రియకు అర్థం మార్చి, దాన్నుంచి విడిపోయి వాక్యం చివరికి పోయే ఉపసర్గ మహారాజశ్రీ ‘అబ్’ గారికి, వారి తోబుట్టువులు అన్, ఔఫ్, ఔస్, ఐన్, ఉమ్, త్సు గార్లకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనాలి గానీ, కుశలమంతా తమరి వైపే ఉంది.

మొన్నటి సంగతి తమరికి తెలియంది కాదు. అద్దె గది చూపిస్తానన్న పెద్దాయన ఫోన్‌లో “ఇష్ జాగె డీ బెజిష్టిగుంగ్ అమ్ డోనర్స్‌టాగ్ ఉమ్ జెష్‌త్సేన్ ఊర్” దాకా గుండ్రంగా పలికాడు. జాగె అంటే చెప్తున్నాను. గది చూడటం, గురువారం, సాయంత్రం నాలుగు. ఇంకేం కావాలి? ఇంతలో రైలు సొరంగంలో దూరింది, లైను తెగింది. పోయింది ఒక్క మాటే. ఆ మాట తమరు. జాగెన్‌కి చివర ‘త్సు’ తగిలితే సరేనని మాట ఇవ్వడం, ‘అబ్’ తగిలితే రద్దు చేయడం. ఊరి ఆ కొసన, తాళం వేసిన తలుపు ముందు నిలబడి నేర్చుకోవాల్సిన వ్యాకరణమా ఇది?

ఉపసర్గలు మాకు కొత్తేమీ కాదు. అదే ‘హారం’ ముందు ప్ర పెడితే దెబ్బ, ఆ పెడితే భోజనం, వి పెడితే షికారు, సం పెడితే చావు. కానీ మా ‘సం’ ఏనాడూ హారాన్ని నడి వాక్యంలో వదిలేసి, వెళ్లి చుక్క పక్కన కూర్చోలేదు. క్రియ చివర రావడమూ మాకు వింత కాదు. వస్తాడో రాడో మా దగ్గరా ఆఖర్నే తేలుతుంది. కాకపోతే క్రియ ఒక్క ముక్కగా వస్తుంది. తమరి ఇంట్లో మొండెం రెండో స్థానంలో, తల చివర్న. రాహుకేతువుల రాకపోకలకైనా పంచాంగం ఉంది.

నామవాచకాల లింగం చెప్పే డెర్, డీ, డాస్ మీద నాకు పేచీ లేదు. అమ్మాయిని నపుంసకలింగంలో పడేశారని నవ్వే హక్కు, ‘అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది’ అనే మనకెక్కడిది? టీవీ లేని ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుమంటారా, ఇంటికి ఒక్కటే గనక గదులవాళ్లు తలా కాస్త వేసుకుంటారు. తమరిని పంచుకునే వీలే లేదు.

ఆఫీసు ఉత్తరం చూడండి. ‘మెల్డెన్ జీ జిష్’ అని మొదలవుతుంది. నిఘంటువులో మ దగ్గర వెతికితే ‘తెలియజేయు’ అని ఉంటుంది. తెలియజేద్దాం, దానికేం అనుకుంటాం. నాలుగు పంక్తుల తర్వాత, చుక్కకు ముందు, ‘అన్’ గారు తీరిగ్గా కూర్చుని ఉంటారు. అంటే వెతకాల్సింది ‘అన్‌మెల్డెన్’: ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చిరునామా నమోదు చేసుకోవాలి. అద్దె ఒప్పందం చూపిస్తే చాలదు, ఇంటి యజమాని సంతకం చేసిన ప్రత్యేక ధ్రువపత్రం కావాలి. ‘అబ్‌మెల్డెన్’ అయితే దేశం వదిలేటప్పుడు పేరు కొట్టించుకోవడం, అదీ ఖాళీ చేసే వారం ముందు నుంచే కుదురుతుంది. జర్మనీలోనే ఇల్లు మారితే దాని జోలికి పోనక్కర్లేదు, కొత్త చోట నమోదైతే సరి. ఇక చాలా యూనివర్సిటీల్లో క్లాసులో చేరినంత మాత్రాన పరీక్షకు చేరినట్టు కాదు. దానికి వేరే అన్‌మెల్డెన్, వేరే గడువు. రాయలేననుకుంటే అబ్‌మెల్డెన్, దానికీ ఓ గడువు. ఒక్క అక్షరం తేడాతో సెమిస్టర్ గోవిందా.

క్లాసులో టీచరమ్మ ‘హ్యోర్ త్సు’ అంటే విను, ‘హ్యోర్ ఔఫ్’ అంటే ఆపు. రెంటికీ మొహంలో ఒకే భావం. ‘ఉమ్‌ఫారెన్’ సంగతి ఎత్తకపోవడమే మేలు. ఉమ్ మీద ఒత్తి పలికితే చెట్టును గుద్ది పడగొట్టడం, ఫా మీద ఒత్తితే చెట్టును తప్పించుకుని చుట్టూ పోవడం. దీనికి పేరు పెట్టిన మహానుభావుడు కారు నడిపి ఉండడు.

ఇక చాలవోయ్ నీకిచ్చిన మర్యాదలు! నీ గుట్టు నాకు తెలుసు. ఒత్తి పలికితేనే నువ్వు విడిపోతావు. ‘బె’, ‘ఎర్’, ‘ఫెర్’, ‘త్సెర్’, ‘ఎంట్’ అనే ఉపసర్గలు బుద్ధిమంతులు, ఒత్తూ అడగరు, గడపా దాటరు. ‘ఇష్ మ్యోష్టె’ (నేను కోరుతున్నాను) అని మొదలుపెడితే నువ్వు చచ్చినట్టు క్రియకు అతుక్కోవాలి: ‘మిష్ అన్‌మెల్డెన్’. ‘వైల్’ (ఎందుకంటే) పెట్టినా అంతే. భూతకాలంలో మాత్రం పగ తీర్చుకుంటావు, అన్-గె-మెల్డెట్ అని మధ్యలో ‘గె’ని ఇరికించి. అన్నిటికంటే పనికొచ్చేది ఇది: నామవాచకంలో నీ ఆటలు సాగవు, ముందే నిలబడాలి. అందుకే ఇకమీదట ఫోన్ పెట్టే ముందు ఒకటే ప్రశ్న, “అబ్‌జాగె ఓడర్ త్సూజాగె?”, రద్దా ఖాయమా అని. అవతలివాడు నవ్వుకుంటే నవ్వుకోనీ.

అయినా నిన్ను పూర్తిగా తిట్టబుద్ధి కావడం లేదు. చలిలో ఎవరో తలుపు తీసి నిలబడితే ఇల్లంతా కలిసి తలుపు మూయమని ‘త్యూర్ త్సు!’ అని అరుస్తుంది. దీపం ఆర్పాలంటే ‘లిష్ట్ ఔస్!’ క్రియ ఊసే ఉండదు, పనంతా మీరే చేసేస్తారు. వచ్చీరాని భాషతో బతికేవాడికి అదెంత ఆసరానో.

సోమవారం తొమ్మిదింటికి మన తర్వాతి భేటీ, మళ్లీ నీ పాఠమే. వస్తానో రానో నీ పద్ధతిలోనే చెబుతున్నా, చెవులు రిక్కించి విను: హియర్‌మిట్ జాగె ఇష్ ఉన్‌జెర్ నేష్‌స్టెస్ ట్రెఫెన్ అమ్ మోన్‌టాగ్ ఉమ్ నోయిన్ ఊర్