‘లేదు’ వారి అమ్మాయి

మా పక్కింటి చైనా వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టే కమిటీలో నన్నూ మెంబరుగా వేసుకున్నారు. చైనా భాషలో ‘నీ హావో’ తప్ప రెండో ముక్క రానివాణ్ణి ఎందుకు వేసుకున్నారని మీరు అడగొచ్చు. నా అర్హతలు తక్కువేమీ కావు. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక రాసుకునే విషయంలో వాళ్ళూ మనమూ ఒకటే. పైగా పాస్‌పోర్టులో నా పేరంతా ఒకే గడిలో కుక్కిన పుణ్యానికి అమెరికాలో తొలి రెండేళ్ళు నేను ‘ఎఫ్ఎన్‌యూ’ అనే పేరుతో బతికాను. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని దాని విస్తరణ. ‘డియర్ ఎఫ్ఎన్‌యూ’ అంటూ క్రెడిట్ కార్డుల వాళ్ళు ప్రేమగా ఉత్తరాలు రాసేవాళ్ళు. పేరు లేకుండా బతికినవాడికే పేరు విలువ తెలుస్తుందని పక్కింటాయన నమ్మకం.

ఊరు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. ఆయన ఇంటిపేరు వూ. చిక్కంతా ఆ ఒక్క అక్షరంలోనే ఉంది. చైనాలో కోట్లమందికి ఉన్న మర్యాదైన ఇంటిపేరే అది. రాత వేరు, అర్థం వేరు. కానీ పలికితే మాత్రం ‘లేని’ అనే మాటతో అచ్చు గుద్దినట్టు ఒకటే, స్వరంతో, అంటే గొంతు ఎత్తిదించే తీరుతో సహా. మన భాషలో చెప్పాలంటే, పిల్ల కన్నా ముందు ‘నిర్’ పుట్టి కూర్చుందన్నమాట. భాగ్య అని పెడితే నిర్భాగ్య. దయ అని పెడితే నిర్దయ. ఎంత మంచి పేరు వెతికితే అంత చెడ్డపేరు వస్తుంది.

అది తెలిసీ పక్కింటాయన మంచి పేర్ల కోసమే వెతికాడు. సాఫ్ట్‌వేర్ మనిషి గనుక ఎక్సెల్ తీశాడు. 2020లో చైనాలో పుట్టిన ఆడపిల్లలకు అన్నిటికన్నా ఎక్కువగా పెట్టిన పేరు యీనువో. ‘ఒక్క మాట’ అని అర్థం, అంటే ఇచ్చిన మాట తప్పనిది. ముందు వూ తగిలించి చదివితే ‘ఒక్క మాటా లేదు’. రాజకీయాల్లోకి వెళ్తే పనికొస్తుందన్నాను. ఆయన ఆ వరుసకు ఎర్ర రంగు వేశాడు. తర్వాత ఐలింగ్. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టి, 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో చైనాకు రెండు స్వర్ణాలు తెచ్చిన ఐలీన్ గు ఉంది కదా, ఆ అమ్మాయి చైనా పేరు అది. ‘ఐ’ అంటే ప్రేమ. మనవాళ్ళ పిల్లకు వచ్చేసరికి వూ ఐలింగ్, ప్రేమ లేనిది. పోనీ ఇంటిపేరు మరిచిపోదామంటే, ఐలింగ్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాయగానే టీచరమ్మ ‘ఎయిలింగ్’ అని చదువుతుంది. రోగిష్టిది అని. రెండు భాషల్లోనూ ఇంత నిండుగా దెబ్బతినే పేరు దొరకడం కష్టం.

ఇక నాయనమ్మ. కోడలి పురిటికని చైనాలోని చాంగ్‌షా నుంచి వచ్చిందావిడ. ఎక్సెల్‌ను పక్కకు జరిపి జాతకం ముందుకు తెచ్చింది. పిల్ల పుట్టింది 2024 ఫిబ్రవరి 9, ఉదయం 9 గంటలకు. ఆ ఏడు చైనా కొత్త సంవత్సరం ఫిబ్రవరి 10న. వాళ్ళ లెక్కలో ఏడుకో జంతువు. ఫ్రీమాంట్‌లో అది కుందేలు సంవత్సరపు ఆఖరి రోజు. బీజింగ్‌లో అప్పటికే రాత్రి ఒంటిగంట, డ్రాగన్ సంవత్సరం వచ్చేసింది. ఆస్పత్రి కాగితం ప్రకారం కుందేలు, నాయనమ్మ గడియారం ప్రకారం డ్రాగన్. అమెరికాలో పుట్టిన మనవడికి నక్షత్రం ఈ టైముకు చూడాలా ఆ టైముకు చూడాలా అని మా నాన్న సిద్ధాంతిగారిని ఫోన్లో పీక్కుతిన్న సంగతి నాకు తెలుసు కాబట్టి గంభీరంగా తలూపాను. డ్రాగన్ దొరుకుతుంటే కుందేలు ఎవడిక్కావాలి? బీజింగ్ టైమే ఖాయమైంది.

సంవత్సరం, నెల, రోజు, గంట. ఒక్కోదానికి రెండక్షరాల చొప్పున మొత్తం ఎనిమిది. ఆ ఎనిమిదింట్లో చెక్క, నిప్పు, మట్టి, లోహం, నీరు అనే ఐదూ ఉన్నాయో లేదో చూస్తారు. లోటున్నదాన్ని పేరుతో పూడుస్తారు. ఈ పిల్ల జాతకంలో నీటి చుక్క లేదని నాయనమ్మ తేల్చింది. కాలిఫోర్నియాలో మాత్రం ఎక్కడుంది అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఆవిడ తన వేడినీళ్ళ గ్లాసులో వేలు ముంచి వంటగట్టు మీద రాసింది. ‘నీరు’ అనే అక్షరం పైన ఒకటి, కింద పక్కపక్కన రెండు. మూడు నీళ్ళు కలిపి ఒక్క అక్షరం. చూడటానికి చిన్న చెరువులా ఉంది. నల్లరాయి మీద తడి ఆరిపోయేలోపు అందరం వంగి చూశాం. అద్భుతం, ఎలా పలకాలి అన్నాను.

“మియావో.”

నాకు నోట మాట రాలేదు. పక్కింటాయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. వాళ్ళ పిల్లి, దాన్నెవరో పిలిచారనుకుని, లోపలికి వచ్చింది.

తాతగారు చాంగ్‌షా నుంచి వీచాట్ వీడియోలో హాజరు. ఆయన దగ్గర వంశావళి పుస్తకం ఉంది, అందులో ఒక పద్యం ఉంది. పద్యంలో ఒక్కో అక్షరం ఒక్కో తరానిది. ఆ తరంలో పుట్టినవాళ్ళందరి పేర్లలో అది ఉండాలి. వెనకటికి ఇది మగపిల్లలకే. వంశావళుల్లో ఆడపిల్లల్ని రాసేవాళ్ళు కాదు. సాక్షాత్తు కన్ఫ్యూషియస్ వంశావళిలోనే ఆడవాళ్ళ పేర్లు ఎక్కింది 2009లో అచ్చువేసిన ప్రతిలో. ఆయన పోయింది క్రీస్తు పూర్వం 479లో. తొందరపాటు నిర్ణయం అని ఎవరూ అనలేరు. ఈ తాతగారు అంతకన్నా ఆధునికుడు, మనవరాలికీ తరం అక్షరం ఇస్తానన్నాడు. ఆ అక్షరం ‘దె’, అంటే సుగుణం. వూ దె అంటే గుణం లేనిది. మన దగ్గరైతే నిర్గుణం అంటే పరబ్రహ్మమని చెప్పి సర్దుకోవచ్చు. పాపం వాళ్ళకు ఆ దారి కూడా లేదు. అయినా తాతగారు తగ్గలేదు. 1970లలో బీజింగ్ నగరాన్ని నడిపిన పెద్దమనిషి పేరే వూ దె, ఆయనకేం తక్కువైంది అన్నాడు. దానికెవరూ జవాబు చెప్పకపోవడమే జవాబు.

ఇంతసేపూ పిల్లను కన్నావిడ లోపలి గదిలో ఉంది. నెల రోజులు తలస్నానం లేదు, చన్నీళ్ళు లేవు, అల్లం వేసిన పులుసులు. మన బాలింతకు కారప్పొడి ఎలాగో అలా. అక్కణ్ణించే అరిచింది: “నా ఇంటిపేరు పెట్టండి, గొడవ వదిలిపోతుంది!”

వదిలిపోతుంది కూడా. చైనా చట్టం తల్లి ఇంటిపేరైనా పెట్టుకోవచ్చంటుంది. జూకర్‌బర్గ్ అంతటివాడు 2016లో తన కూతురి చైనా పేరు చెన్ మింగ్‌యు అని ప్రకటించాడు. చెన్ అనేది వాళ్ళావిడ వైపు ఇంటిపేరు. మూడు నిమిషాల్లో తెమిలే పని. కానీ ఆ మాట వినగానే తాతగారి వీడియో ఆగిపోయింది. నెట్ బాగానే ఉంది, మనిషే కదలడం లేదు. పక్కింటాయన టీ పెడతానని లేచాడు. పెళ్ళయినా ఇంటిపేరు మారని ఆడవాళ్ళని వాళ్ళను చూసి ఎప్పుడూ మురిసిపోయే మా ఆవిడ నావైపు చూసింది. ఆవిడ ఇంటిపేరు పోయి పన్నెండేళ్ళు. నేనూ టీ పనిలో సాయానికి వెళ్ళాను.

తిరిగొచ్చి, వాతావరణం తేలిక చేద్దామని, కమిటీ మెంబరుగా నా ఏకైక సూచన చేశాను. “దీనికింత ఆలోచన ఎందుకు? నాయనమ్మ పేరు పెట్టేయండి. మా వైపు అదే పద్ధతి. అత్తగారి పేరుగల పిల్లను కోడలు తిట్టలేదు కూడా.”

గదిలో గాలి ఆగిపోయింది. పెద్దల పేరు పిల్లలకు పెట్టడం వాళ్ళలో మర్యాద కాదు, పెద్దల్ని ఒరేయ్ అన్నట్టు. చక్రవర్తుల కాలంలో ఈ పట్టింపు ఎంతదాకా వెళ్ళిందంటే, కాంగ్‌షీ చక్రవర్తి అసలు పేరు షువాన్‌యె కావడంతో, బీజింగ్ రాజప్రాసాదపు ఉత్తర ద్వారం ‘షువాన్‌వు’ కాస్తా ‘షెన్‌వు’ అయింది. గుమ్మాలే పేరు మార్చుకున్నాయి, నేనెంత? క్షమాపణ చెప్పుకుని, ఊరికే కుతూహలం కొద్దీ నాయనమ్మ పేరేమిటని అడిగాను.

జావోదీ అట. ‘తమ్ముణ్ణి పిలుచుకురా’ అని అర్థం.

ఆవిడ నవ్వుతూనే చెప్పింది. తన ఊళ్ళో ఆ పేరు చాలామందికి ఉండేదట. తమ్ముడు వచ్చాడు కూడానట, ఇద్దరు. మన ఊళ్ళలో పెంటమ్మ, పుల్లమ్మ అని పెట్టేవాళ్ళని నేను చెప్పాను. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే, ఈ బిడ్డ మీద చావుకు కన్ను పడకుండా ఆ పేర్లు పెట్టేవాళ్ళు. కనీసం ఆ పిల్ల బతకాలని పెట్టిన పేరు అది. జావోదీ ఇంకొకడు రావాలని పెట్టింది. ఆవిడ మనవరాలికి మూడు నీళ్ళు ఎందుకు పోయాలనుకుందో నాకప్పుడు కాస్త అర్థమైంది. నేను కమిటీలో మళ్ళీ నోరెత్తలేదు.

చివరికి పరిష్కారం కనుక్కున్నది లోపలి గదే. ఇంటిపేరు ‘నిర్’ అయినప్పుడు దాని వెనక మంచి మాట ఎందుకు, చెడ్డ మాట పెట్టండి అంది. యో అంటే చింత. వూ యో అంటే నిశ్చింత. కమిటీ నిశ్శబ్దంగా లేచి నిలబడినంత పని చేసింది. పెద్దల పేర్లలో లేదు, పిల్లులు పలకవు. తాతగారు కదిలారు.

మర్నాడు ఆస్పత్రి వాళ్ళిచ్చిన ఫారం నింపుతుంటే తెలిసింది. కాలిఫోర్నియా వారు ఆ ఏడు ఇంగ్లీషు అక్షరాలు 26 తప్ప పైన స్వరం గుర్తులు ఒప్పుకునేవారు కాదు. యో అనే మాటను వాళ్ళ లెక్కలో రాస్తే వై, ఓ, యూ. అంటే అచ్చంగా ఇంగ్లీషు ‘నువ్వు’. పైగా ఇక్కడ ఇంటిపేరు వెనక్కి పోతుంది. ముందు చింత, వెనక నిర్. బడిలో ఇంటిపేరుతో ఎవరూ పిలవరు గనుక, మిగిలేది ఒట్టి చింత. నా ఎఫ్ఎన్‌యూ అనుభవం కొద్దీ గట్టిగానే హెచ్చరించాను. అప్పటికే ఆయన పెన్నుతో రాసేశాడు.

నెల తిరిగాక పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వాళ్ళకు నా కారే సాయం. నర్సు తలుపు తీసి కాగితం చూసి, కాసేపు తటపటాయించి, “యూ?” అంది. వెయిటింగ్ రూమ్‌లో ఉన్న తొమ్మిది మందీ తమ గుండెల మీద వేలు పెట్టుకుని “నేనా?” అన్నారు. నర్సు ఎర్రబడి, మరింత గట్టిగా, “యూ! యూ వూ!” అంది. మూలన ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు.

లేవనిది నాయనమ్మ ఒక్కతే. ఇంగ్లీషు రాదు కదా. ఆవిడకు మనవరాలి పేరు యో. నర్సు అన్నది యూ. చైనా భాషలో యూ అంటే చేప. నా చెవి దగ్గరకు వంగి, ఫోన్లో అనువాదం ముందు పెట్టి, ఈ పిల్లను చేప అని ఎందుకు పిలుస్తున్నారని అడిగింది. తర్వాత తనే ఆగి, ఒళ్ళో పిల్లను చూసి, చేప అంటే నీళ్ళలో ఉండేదే కదా అంది. ముఖం విప్పారింది.

కారెక్కిన దగ్గర్నుంచీ షావో యూ, షావో యూ అని ఒకటే పిలుపు. చిట్టి చేప అట.

“అమ్మా, వూ యూ అంటే చేప లేదు అని అర్థం వస్తుంది” అన్నాడు పక్కింటాయన.

“ఇంటిపేరుతో ఎవడు పిలవమన్నాడు?” అంది జావోదీ.