షుగర్ మామిడిపండుతో రాలేదు, పెద్దమ్మా

ఇవాళ మధ్యాహ్నం జరిగింది. ఇంకా కోపం దిగలేదు. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మా చెల్లెకు 26వ వారం. పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ల్యాబ్‌కు షుగర్ టెస్ట్‌కని తీసుకెళ్లాను. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి ఇచ్చారు. ముక్కు మూసుకుని, మధ్యమధ్యలో ఆగి, వాంతి రాకుండా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని తాగింది. తర్వాత రెండు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. రిజల్ట్ 162. మన దగ్గర ఈ టెస్టులో 140 వచ్చినా, దాటినా గర్భంలో షుగర్ ఉన్నట్టే లెక్క.

తిరిగొస్తుంటే ఆటోలో పెద్దమ్మ ఫోన్. స్పీకర్ ఆన్‌లో ఉంది. "నేనప్పుడే చెప్పిన బిడ్డా, మామిడిపండ్లు తినకని. ఇంటివా? ఇప్పుడు నీ నోటికి కడుపుల పిల్లకు శిక్ష." ఆ మాట విన్నాక చెల్లె ఇంకేం మాట్లాడలేదు. చైతన్యపురి దగ్గర ఆటో ఆగినప్పుడు చూస్తే, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఏడుస్తోంది.

నాన్న బాటసింగారం మార్కెట్‌కు వెళ్లి తెచ్చిన బంగినపల్లి పెట్టె అది. ఇంటిల్లిపాదీ తిన్నాం. పెద్దమ్మా తిన్నది. నింద మాత్రం చెల్లె ఒక్కదాని మీదా?

నెలలు పెరిగే కొద్దీ మావి నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. ఇది ప్రతి గర్భిణికీ జరిగేదే, బిడ్డకు గ్లూకోజ్ అందాలి కదా. క్లోమం ఇన్సులిన్ ఇంకాస్త ఎక్కువ తయారు చేసి నెట్టుకొస్తుంది. గర్భానికి ముందే ఇన్సులిన్ సరిగా పని చేయని ఒంట్లో ఆ ఎక్కువ కూడా చాలదు. అప్పుడు షుగర్ బయటపడుతుంది. అంటే పోయిన వారం తిన్న పండు కాదు, ఏళ్ల నుంచి లోపల జరుగుతున్నది.

లోపల ఏం జరుగుతుందంటే, పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఊరికే కూర్చోదు. టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఐఎల్ 6 లాంటి పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. కాలు వాచినట్టు కంటికి కనపడే వాపు కాదిది, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలో తెలిసేది. ఇన్సులిన్ చెప్పే మాట కణానికి చేరకుండా కొవ్వు వదిలిన ఆ పదార్థాలు అడ్డుపడతాయి. గర్భం మొదటి నెలల్లోనే సీఆర్‌పీ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) ఎక్కువగా, మంచి కొలెస్ట్రాల్ తక్కువగా ఉన్నవాళ్లకు తర్వాత షుగర్ వచ్చే ముప్పు ఎక్కువని పరిశోధనల్లో కనిపించింది. సీఆర్‌పీతో కనిపించే ముప్పులో కొంత భాగం బరువు వల్లే అన్నది కూడా నిజం. చివరి నెలలకు ట్రైగ్లిజరైడ్లు అందరికీ రెండు మూడు రెట్లు పెరుగుతాయి, అది సహజం. మొదట్లోనే ఎక్కువ ఉన్నాయా అన్నది చూడాలి.

"అది సన్నగానే ఉంది కదా" అంటారు. మనవాళ్లలో చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట దగ్గర కొవ్వు చేరేవాళ్లే ఎక్కువ. అందుకే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్కలో, అధిక బరువుకు 25 అన్న హద్దును మనకు 23కి దించారు.

అసలు నా కడుపు మండేది ఇక్కడ. పెళ్లికి ముందు చెల్లె ఆఫీసులో హెల్త్ చెకప్ చేశారు. ట్రైగ్లిజరైడ్లు 212. 150 లోపు ఉండాలి. మంచి కొలెస్ట్రాల్ 36. ఆడవాళ్లకు 50 పైన ఉండాలి. రిపోర్ట్ తెచ్చి అమ్మకు చూపిస్తే "ఈ వయసులో ఏమైతది" అని బీరువాలో పెట్టింది. అదే నెలలో అన్నయ్యకు కొలెస్ట్రాల్ 215 వచ్చింది. వారంలో ఇంట్లో నూనె మారింది. వాకింగ్ బూట్లు వచ్చాయి. రోజూ పొద్దున వాడికి నానబెట్టిన మెంతులు. ఆ మెంతులు నానబెట్టింది ఎవరనుకున్నారు? చెల్లె. మన ఇళ్లలో మగపిల్లాడి రిపోర్ట్ అందరూ చదువుతారు. ఆడపిల్ల రిపోర్ట్ మాత్రం పెళ్లి సంబంధం వాళ్ల కంట పడకుండా దాచేస్తారు. అవును, అమ్మ దాచింది అందుకే. నాకు తెలుసు, ఇన్నేళ్లూ అనలేదు.

నాకూ గర్భంలో షుగర్ వచ్చింది. కాన్పు కాగానే "పోయింది" అన్నారు. ఆరు వారాలకు మళ్లీ టెస్ట్ చేయించుకోవాలని, ఇది వచ్చినవాళ్లకు తర్వాత టైప్ 2 షుగర్ ముప్పు ఏడు నుంచి పది రెట్లని ఒక్కరూ చెప్పలేదు. నాలుగేళ్లకు నాకు బయటపడింది. ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటున్నాను.

ఇప్పుడు చెల్లె తీపి తగ్గించాలి, తిన్నాక నడవాలి, డాక్టరమ్మ చెప్పినట్టు షుగర్ చూసుకోవాలి. అవన్నీ చేస్తుంది. కానీ అది జాగ్రత్త, చేసిన తప్పుకు శిక్ష కాదు.

ఇందాక బీరువాలో చీరల కింద ఆ పాత రిపోర్ట్ దొరికింది. చెల్లెను అడిగి, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. పెద్దమ్మా, ముందు దాని మీద తేదీ చూడు.