ఊరి జ్వరమా, నగరపు జ్వరమా?

చెన్నైలో వైద్య విద్యార్థులకు ఎపిడెమియాలజీ, అంటే జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో చూసే శాస్త్రం, చెబుతుంటాను. క్లాసులో తెలుగు పిల్లలుంటే మలేరియా పాఠం మొదలుపెట్టడం తేలిక. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసిన సంగతి వాళ్లకు బడిలోనే తెలుసు. తర్వాత ఆయన వేసిన లెక్కే చాలామందికి తెలీదు. దోమల్ని ఒక్కటీ మిగలకుండా చంపక్కర్లేదు, ఒక హద్దు కంటే తగ్గిస్తే మలేరియా దానంతటదే ఆగిపోతుందని ఆయన లెక్కగట్టాడు. మా పనంతా ఆ లెక్క చుట్టూనే. కేసులు తగ్గేకొద్దీ ఆ లెక్క చిక్కుముడి అవుతుంది.

2027 కల్లా దేశంలో స్థానికంగా సోకే కేసులు సున్నాకు రావాలని, 2030కి మలేరియాను నిర్మూలించాలని మన లక్ష్యం. దాంతో ప్రతి కేసు దగ్గరా ఒకటే ప్రశ్న: ఇది ఇక్కడ సోకిందా, బయటి నుంచి వచ్చిందా?

ఒక ఆగస్టులో పాత మహాబలిపురం రోడ్డు వైపు, అపార్ట్‌మెంట్లు కడుతున్న చోటికి పిల్లల్ని తీసుకెళ్లాను. పార్వతీపురం మన్యం నుంచి వచ్చిన సెంట్రింగ్ పనివాడికి వైవాక్స్ రకం మలేరియా తేలింది. "ఊరికి చివరిసారి ఎప్పుడెళ్లారు?" అని మా స్టూడెంట్ అడిగింది. "సంక్రాంతికి ఎల్లొచ్చానండి" అన్నాడు. ఆ అమ్మాయి ఫారంలో టక్కున ‘బయటి కేసు’ అని రాసేసింది.

సంక్రాంతి ఎక్కడ, ఆగస్టు ఎక్కడ! ఏమీ అనకుండా లిఫ్ట్ గుంత దగ్గరికి తీసుకెళ్లి, దోమపిల్లల కోసం నీళ్లు ముంచి చూసే తెల్ల గరిటె చేతికిచ్చాను. మూడుసార్లు ఉత్త నీళ్లే. నాలుగోసారి పడ్డాయి దోమపిల్లలు, నీటి పైపొరకు ఆనుకుని, సాపుగా పడుకున్నట్టు. మలేరియా మోయని క్యూలెక్స్ దోమ పిల్లలైతే తలకిందులుగా ఏటవాలుగా వేలాడతాయి. ఇవి అనాఫిలిస్, మలేరియా మోసే దోమజాతి. అందులో నగరాల్లో మలేరియా మోసే స్టెఫెన్సీ రకం మురుగు జోలికి పెద్దగా పోదు. బావి, సంపు, మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకు దానికి ఇష్టం. 2019 నీళ్ల కరువును చూసిన చెన్నైలో డ్రమ్ముల్లో నీళ్లు పట్టి పెట్టుకోవద్దని ఎవరికి చెప్పగలం?

అయితే అతనికి జ్వరం ఇక్కడే సోకిందా? అదీ చెప్పలేం. వైవాక్స్ క్రిమి నెలల తరబడి కాలేయంలో నిద్రపోయి మళ్లీ లేస్తుంది. మన్యంలో కుట్టిన దోమదీ కావచ్చు, గుంత పక్కన కుట్టినదీ కావచ్చు. మామూలు రక్తపరీక్ష ఈ తేడా చెప్పదు. ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్లతో క్రిమి నగరానికి చేరుతుందన్నది నిజమే, దాన్ని కాదనను. నా అభ్యంతరమల్లా తేలని చోట తేలినట్టు రాసుకోవడం మీదే.

‘బయటి కేసు’ అనే ముద్ర అందరికీ సుఖం. నగరం లెక్క తగ్గుతుంది, బిల్డర్ గుంత ఎండబెట్టక్కర్లేదు. దేశం లెక్క మాత్రం తగ్గదు, పార్వతీపురం ఇంకో దేశంలో లేదు కదా! పైగా ఆ కాగితం చూశాక గుంతలో గరిటె ముంచడానికి ఎవరూ రారు. తగ్గిందని చేతులు దులుపుకుంటే ఏమవుతుందో ఒకసారి చూశాం. 1965లో దేశంలో కేసులు లక్ష దగ్గరికి దిగాయి, 1976కి 64 లక్షలకు పెరిగాయి. దోమలమందు డీడీటీకి దోమలు లొంగకపోవడం, నిధుల కొరత, అన్నీ కలిశాయి. నిఘా సడలడం కూడా అందులో ఉంది.

అందుకే ఇప్పుడు మా పిల్లలతో ఆ గడిలో ‘తేలలేదు’ అని రాయిస్తున్నాను. లెక్కలు చూసేవాళ్లకు అది నచ్చదు, పట్టికలో ఎక్కడ వేయాలో తెలీక తిరిగి అడుగుతారు. అడగనీ. ఆ గడి నింపడం కంటే ముఖ్యమైన పని ఇంకొకటుంది. వైవాక్స్‌కు క్లోరోక్విన్ మాత్రలు మూడు రోజులు, కాలేయంలో దాగిన క్రిమికి ప్రైమాక్విన్ మాత్రలు పద్నాలుగు రోజులు. జ్వరం మూడో రోజుకే దిగిపోతుంది కాబట్టి మిగతా మాత్రలు సంచిలో ఉండిపోతాయి, కాలేయంలో క్రిమి అలాగే ఉంటుంది. ఎందుకు మింగాలో చెప్పే కార్యకర్త మాట తమిళం, వినే మనిషిది తెలుగు.

పద్నాలుగో రోజు ఆ అమ్మాయి అతనికి తెలుగులో ఫోన్ చేసింది. "అయిపోయాయండి మేడమ్" అన్నాడు. ఒకసారి చూసి చెప్పమంటే, కాస్త ఆగి, ఇంకా నాలుగున్నాయన్నాడు.