కాగితం లేని రాజ్యం కోసం ఒక కాగితం కొట్టువాడి విన్నపం

ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ స్ట్రీట్‌లో మాకో కాగితాల కొట్టుంది. పెళ్లి కుదిరితే శుభలేఖల కోసం చెన్నై జనం ముందుగా తొక్కే వీధి అదే. మా తాత పెట్టిన కొట్టు, మా నాన్న పెంచాడు, నేను కూర్చుని ఫ్యాన్ కింద ఎగిరిపోయే కాగితాల మీద బరువు పెడుతుంటాను. ఇలాంటి కొట్లో కూర్చుని దేశానికి నేను చేసుకునే విన్నపం ఒకటే. ప్రతి వ్యాపారీ బిల్లునీ, కొటేషన్‌నీ, బాకీ స్టేట్‌మెంట్‌నీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా పీడీఎఫ్ చేసి ఈమెయిల్‌లోనే పంపాలి, పంపనివాళ్ల మీద జరిమానా వెయ్యాలి. నవ్వకండి. పూర్తిగా చదివాక మీరే వచ్చి సంతకం పెడతారు. కాగితం నేనిస్తాను.

మూడేళ్ల కిందటి దాకా మాది బిల్లుబుక్కే. తెల్లది, గులాబీది, పసుప్పచ్చది, మధ్యలో కార్బన్ పేపరు. గుమాస్తాగారు బాల్‌పెన్నుతో ఎంత అదిమి రాసినా మూడో కాపీలో తేదీ తప్ప మిగతాదంతా మన ఊహకే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి, సరుకు అమ్మితే ఇన్‌వాయిస్ మూడు ప్రతులుండాలి, కొన్నవాళ్లకి ఒరిజినల్, సరుకు మోసేవాళ్లకి డూప్లికేట్, అమ్మినవాళ్లకి ట్రిప్లికేట్ అన్నప్పుడు మా నాన్న మురిసిపోయారు. "చూశావుట్రా, ఢిల్లీవాళ్లు మన బిల్లుబుక్కు చూసే చట్టం రాశారు" అని వారం రోజులు వీధంతా చెప్పుకున్నారు.

ఆ ఆనందం మీద నీళ్లు చల్లింది మా ఆడిటర్ గారు. "ఇంకా బిల్లులు కొరియర్‌లో పంపుతారేంటండీ, సాఫ్ట్‌వేర్ ఉంది కదా, ఒక్క మీట నొక్కితే పీడీఎఫ్ అయి మెయిల్‌లో వెళ్లిపోతుంది, కాగితం ఖర్చు మిగులుతుంది" అన్నారు. కాగితం ఖర్చు మిగలడం ఏమిటో కాగితం అమ్ముకునే ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. కానీ ఆడిటర్ మాట, డాక్టర్ మాట కాదనే అలవాటు మా వంశంలో లేదు.

సరే, ఒక్క మీట అన్నారు కదా. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను, రేపు పొద్దున మళ్లీ దాన్నే తెరవాలి. ఆ మీట నొక్కగానే అది నన్ను ప్రశ్నలడిగింది, పెళ్లిచూపుల్లో కూడా నన్ను అన్ని అడగలేదు. ఎస్ఎంటీపీ సర్వర్, అంటే మన మెయిల్‌ని పట్టుకెళ్లే పోస్టాఫీసు, ఏది? పోర్ట్ నంబరెంత? ఎన్‌క్రిప్షన్ ఏ రకం? యూజర్ నేమ్, పాస్‌వర్డ్? వెనక కుర్చీలోంచి మా నాన్న "పోర్టా? హార్బర్ ఎదురుగానే ఉంది కదరా, ఎవర్నైనా పంపి అడగకూడదూ" అన్నారు. ఆయన జోక్ వెయ్యలేదు. కుర్రాణ్ణి నిజంగానే లేపారు.

పోర్ట్ గురించి నేను నేర్చుకున్నది మీకూ చెప్తాను, ఎప్పటికైనా పనికొస్తుంది. పోర్ట్ అంటే మెయిల్ ఆ సర్వర్‌లోకి వెళ్లే గుమ్మం. 25 అనేది పాత వీధి గుమ్మం, స్పామ్ బాధ పడలేక చాలాచోట్ల మూసేశారు. 465లో ముందు తలుపు గడియ, అంటే బయటివాళ్లు చదవకుండా చేసే ఎన్‌క్రిప్షన్, పడుతుంది, తర్వాతే మాట. 587లో గడప దగ్గర పలకరింపులయ్యాక, ఇక సొంత విషయాలు మాట్లాడుకుందాం అని గడియ వేసుకుంటారు. ఇందులో ఒక గుమ్మం దగ్గర నిలబడి ఇంకో గుమ్మం మర్యాదలు చేస్తే ఎవరూ తలుపు తియ్యరు, తియ్యం అని కూడా చెప్పరు, అలా గడియారం గుర్తు తిరుగుతూనే ఉంటుంది. నేను అలా రెండు రోజులు నిలబడ్డాను.

ఆ తర్వాత పాస్‌వర్డ్. రోజూ మెయిల్ తెరిచే పాస్‌వర్డే ఇస్తే 535 అని వచ్చింది. అంటే నువ్వెవరో నాకు తెలీదు పో అని ఎస్ఎంటీపీ భాషలో. మా గుమాస్తాగారు ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి, స్క్రీన్ మీద అంకె కనపడగానే చిట్టాలో రాసేశారు. ఎవరి పేరున రాయాలో తెలీక 535 రూపాయలు సస్పెన్స్ ఖాతాలో పెట్టారు. సంవత్సరం చివర్లో ఆడిటర్ గారు దాని గురించి అడిగినప్పుడు నేను కాఫీ తెప్పించి మాట మార్చాను.

ఇలాంటి బయటి సాఫ్ట్‌వేర్లకి మామూలు పాస్‌వర్డ్ పనిచెయ్యదని తర్వాత తెలిసింది. 2022 మే 30 నుంచి గూగుల్ మామూలు ఖాతాల్లో ఆ దారి మూసేసింది, దొంగల భయానికి, అది న్యాయమే. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని, దానికోసమని విడిగా పదహారు అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. టూ స్టెప్ అంటే ఓటీపీ. ఓటీపీ వెళ్లేది మా నాన్న ఫోన్‌కి, ఎందుకంటే ఆ మెయిల్ ఐడీ ఒకప్పుడు తెరిచింది ఆయన నంబరు మీద. ఆయన ఆ రోజు తిరుమలలో ఉన్నారు. ఫోను డిపాజిట్ కౌంటర్లో ఉంది. ఆయన క్యూ కాంప్లెక్స్‌లో ఉన్నారు. స్వామివారి దర్శనం అయ్యేదాకా నాకు ఎస్ఎంటీపీ దర్శనం లేదన్నమాట. మర్నాడు ఆయన లడ్డూతో సహా ఫోన్ చేసి, "ఏవో అంకెలు వచ్చాయిరా, ఎవరో మోసగాళ్లు, చెరిపేశాను" అన్నారు.

సాఫ్ట్‌వేర్ తంబి వచ్చి మొత్తానికి కుదిర్చాడు. వచ్చాడంటే మనిషి రాలేదు, మా మౌస్‌ని దూరం నుంచి పట్టుకున్నాడు. బాణం దానంతటదే కదులుతుంటే గుమాస్తాగారు కుర్చీ వెనక్కి జరుపుకుని కన్యకా పరమేశ్వరికి దణ్ణం పెట్టుకున్నారు.

ఇక బిల్లు రూపం. మా నాన్నది ఒకటే షరతు. పైన 'శ్రీ' ఉండాలి. పక్క కొట్టు తమిళవాళ్లు ప్రతి కాగితం మీదా పిళ్ళయార్ సుళి, అంటే వినాయకుడి గుర్తు, పెట్టుకున్నట్టే మాకు శ్రీ. పెట్టాం. మా కంప్యూటర్లో దివ్యంగా కనపడింది. అవతలివాళ్లకి వెళ్లేసరికి అక్కడ ఖాళీ డబ్బా ఉంది. తంబి చెప్పింది ఏంటంటే, పీడీఎఫ్‌కి పుట్టుకతో వచ్చిన ఫాంట్లు పద్నాలుగే, అందులో తెలుగు లేదు, కాబట్టి మన ఫాంట్‌ని ఫైల్ లోపల కూర్చోబెట్టి పంపాలి, లేకపోతే అవతల ఆ ఫాంటు లేనివాళ్లకి డబ్బానే. ఆరు నెలల పాటు మా బిల్లులన్నీ లక్ష్మీదేవి బదులు ఖాళీ డబ్బాతో మొదలయ్యాయి. ఆ ఆరు నెలలు వసూళ్లు కూడా అలాగే ఉన్నాయని మా నాన్న లెక్కలతో సహా చూపిస్తారు. నేను వాదించను.

ఇంకో సంగతి, నాకు చాలా ఇష్టమైన సంగతి. మా బిల్లు అడుగున 'చెన్నై కోర్టుల పరిధికి లోబడి' అని ఒక లైను ఉంటుంది. హైకోర్టు నడిచివెళ్లేంత దూరంలో ఉన్నవాళ్లం, ఆ లైను తియ్యలేం. కాగితం సైజు సెట్టింగ్‌లో ఏ4 బదులు లెటర్ అని ఉంది. ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లు, లెటర్ పొడవు 279. ఆ తక్కువైన 18 మిల్లీమీటర్లలో పట్టక మా కోర్టు లైను ఒక్కటీ రెండో పేజీకి వెళ్లిపోయింది. ప్రతి బిల్లుకీ ఒక నిండు పేజీ, తెల్లగా, పైన ఒక్క లైనుతో. కాగితం వ్యాపారిగా ఆ పేజీ చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. సెట్టింగ్ ఎక్కడుందో తర్వాత తెలిసింది. నేను మార్చలేదు.

అయినా మెయిల్ పంపాలంటే అవతలివాళ్లకి మెయిల్ ఐడీ ఉండాలి కదా. ఫోన్లు చేసి అడిగాం. ఒకాయన "ఉందయ్యా, పాస్‌వర్డ్ మా పెద్దోడికి తెలుసు, వాడు కెనడాలో ఉన్నాడు" అన్నాడు. ఇంకొకాయన విజిటింగ్ కార్డు మీద అచ్చువేసిన ఐడీ ఇచ్చాడు, దానికి పంపితే 550 అని తిరిగొచ్చింది, అలాంటివారెవరూ ఇక్కడ లేరని. కార్డు అచ్చు మా వీధిలోనే వేయించాడు, కార్డు ఉంది, ఐడీ లేదు. చివర్లో 'కామ్' బదులు 'కాన్' అని రాసినవాళ్లు ఎంతమందో. చెప్పుకోవాల్సింది మాత్రం, ఐడీ సరిగ్గా ఉండి, మెయిల్ సరిగ్గా చేరి, దాన్ని సరిగ్గా తెరిచిన పార్టీల గురించి. అసలు కథ అక్కడే.

మెయిల్ చేరిన పది నిమిషాలకి ఫోనొస్తుంది. "అన్నా, బిల్లు వచ్చింది. సీల్ లేదే?" అడుగున 'కంప్యూటర్ తయారుచేసిన బిల్లు, సంతకం అక్కర్లేదు' అని ఉంది చూడండి అంటాను. "అది ఉంది. సీల్ లేదు" అంటాడు. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం వచ్చింది 2000లో, ఎలక్ట్రానిక్ రికార్డు కూడా కాగితంతో సమానమే అంది. ఆ చట్టం ప్రకారం ఇచ్చే ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిస్‌కి సంతకం అక్కర్లేదని జీఎస్టీ రూల్ 46 కూడా అంటుంది. ఇవన్నీ నేను గడగడా అప్పజెప్తాను. ఆయన ఓపిగ్గా విని, "అంతా సరే అన్నా, సీల్ కొట్టి పంపించు" అంటాడు. రూలు వదిలిపెట్టినా మనిషి వదలడు, మన దేశంలో నాకు నచ్చేదే అది.

అప్పుడేం చేస్తాం? పీడీఎఫ్‌ని ప్రింట్ తీస్తాం. ఇంకు ప్యాడ్ వెతుకుతాం. సీల్ కొడతాం. ఆరనిస్తాం. స్కాన్ చేసి మళ్లీ పీడీఎఫ్ చేసి మెయిల్ పెడతాం. సీల్ లేనప్పుడు పోస్టుకార్డంత తేలిగ్గా ఉన్న ఫైలు సీల్ పడ్డాక బొంతలా లావెక్కి, అవతలివాళ్ల మెయిల్‌బాక్స్ నిండిపోయిందని తిరిగొస్తుంది. "వాట్సాప్‌లో పెట్టెయ్ అన్నా" అంటాడు. పెడతాం. ఆయన దాన్ని ప్రింట్ తీసి ఫైల్లో గుచ్చుకుంటాడు.

లెక్క వెయ్యండి, మేం లెక్కల మనుషులం. మూడు ప్రతులు, ప్రతికి రెండు పేజీలు, మా దగ్గర ఆరు. మెయిల్‌లో మూడూ ఒకే ఫైలుగా వెళ్లాయి కాబట్టి ఆయనా ఆరు తీస్తాడు. సీల్ కోసం మేం తీసిన రెండు, సీల్ చూసి ఆయన తీసిన రెండు. పదహారు. రీముకి 500 ఠావులు, 80 జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరుకి 80 గ్రాముల కాగితం, అయితే రెండున్నర కిలోల బరువు. ముప్పై ఒక్క బిల్లుకి ఒక రీము చెల్లు! బిల్లుబుక్కు రోజుల్లో బిల్లుకి మూడు చిన్న కాగితాలు, అవీ న్యూస్‌ప్రింట్ కంటే కాస్త మెరుగు. పైగా వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఈ రికార్డులన్నీ దాచిపెట్టాలని జీఎస్టీ చట్టం, అందుకని ఫైళ్లు, ఆ ఫైళ్లకి అట్టలు. అట్టలు కూడా మా దగ్గర దొరుకుతాయి.

ఈ పీడీఎఫ్ తప్పేం లేదు. అడోబీ సహవ్యవస్థాపకుడు జాన్ వార్నాక్ 1991లో ఈ ఆలోచన కాగితం మీద పెట్టినప్పుడే, ఏ తెర మీదైనా ఒకేలా కనపడాలి, ఏ ప్రింటర్లోనైనా అచ్చుపడాలి అనుకున్నాడు. 1993లో బయటికొచ్చింది. ప్రింటు కోసమే పుట్టినదాన్ని పట్టుకుని కాగితానికి శత్రువు అనడం మనవాళ్ల అజ్ఞానం.

నష్టాలు లేవని చెప్పను. మెయిల్‌లో సీసీ అని ఒక గడి ఉంటుంది, కార్బన్ కాపీ అట, మా పాత కార్బన్ పేపరు చచ్చి అక్కడ దెయ్యమై కూర్చుంది. గుమాస్తాగారు ఆ పేరు చూసి, పాత పరిచయం కదా అని, ఒకరి కొటేషన్‌ని పదకొండు మందికి సీసీ కొట్టారు. ఎవరికి ఏ రేటు ఇస్తున్నామో ఆ రోజు మా వీధికంతా తెలిసింది, మా నాన్న మూడు రోజులు వెనక సందులోంచి కొట్టుకొచ్చారు. ఇంకోసారి బాకీ రిమైండర్లు అందరికీ ఒకేసారి పంపే ఏర్పాటు పెట్టాం. ఆ 'అందరి'లో మా మామగారు ఉన్నారు. బామ్మర్ది పెళ్లి శుభలేఖల తాలూకు 4,200 రూపాయలు పుస్తకంలో అలా మిగిలిపోయి ఉన్నాయి, అడిగే ఉద్దేశం నాకు ఏ జన్మలోనూ లేదు. సాఫ్ట్‌వేర్ అడిగింది. 'డియర్ సర్ ఆర్ మేడమ్, ఏడు రోజుల్లో చెల్లించనిచో తగు చర్య తీసుకోబడును' అని అడిగింది. ఆయన ఏడో రోజు చెల్లించారు, చెక్కుతో పాటు ఆ మెయిల్‌ని ప్రింట్ తీసి, లామినేట్ చేయించి మా ఆవిడ చేతికిచ్చారు. మా ఇంట్లో నెల రోజులు నాకు కాఫీ పేపర్ కప్పులో వచ్చింది.

అయినా నా విన్నపం మార్చుకోను. ఐదు కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు, తప్పనిసరి, ఒక్కో బిల్లుకి 64 అక్షరాల నంబరు, పక్కన క్యూఆర్ కోడ్. మేం ఆ గీతకి ఇవతలే ఉన్నాం. దాటినవాళ్లు నల్లగా అచ్చుపడలేదని ఆ కోడ్‌ని రెండుమూడుసార్లు ప్రింట్ తీస్తుంటే నేను అసూయతో చూస్తుంటాను.

నిన్న సాయంత్రం గిండీలో ఒక కంపెనీ నుంచి ఫోను. ఏ4 రెండు వందల రీములు కావాలట, అర్జెంటు. ఇన్నేళ్లలో వాళ్లు ఇరవైకి మించి ఎప్పుడూ అడగలేదు. "ఏంటి సార్, ఏమైనా ఫంక్షనా?" అన్నాను.

"లేదండీ, వచ్చే నెల నుంచి మా ఆఫీసు మొత్తం పేపర్‌లెస్. కొటేషన్ మెయిల్ చెయ్యండి."

చేశాను. పది నిమిషాలకి మళ్లీ ఫోను. సీల్ లేదట.